అది కోపమా, ఉక్రోషమా? పిల్లలకు మనసు మాటలు అందించడం ఎలా

సాయంత్రం నాలుగున్నరకి మా చిన్నోడు బడి నుంచి వచ్చాడు. ఒక చెప్పు గుమ్మం లోపల, ఒకటి బయట. బ్యాగు సోఫా మీదికి విసిరాడు. పాలు వద్దన్నాడు. బిస్కెట్ విరిగి ఉందని ఏడుపు. "ఏమైందిరా?" అంటే "ఏం లేదు." "ఎవరైనా కొట్టారా?" "లేదు." "టీచర్ తిట్టిందా?" "లేదన్నానుగా!" రాత్రి ఎనిమిదింటికి, పెరుగన్నం సగంలో ఉండగా, కంచంలోకి చూస్తూ అన్నాడు: "నన్ను ఖోఖోలోకి తీసుకోలేదు. చిన్నపిల్లాణ్ణంట."

బిస్కెట్‌ది తప్పేమీ లేదు. నిజానికి వాడికి వచ్చింది కోపం కూడా కాదు. ఎదురు చెప్పలేక, ఏమీ చేయలేక, ఏడుపూ కోపమూ కలిసి గొంతులోకి తన్నుకొచ్చేదానికి మన భాషలో వేరే మాటే ఉంది. ఉక్రోషం. ఆ మాట వాడికి తెలియదు. తెలిసిన నేనేమో నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా "ఎందుకురా ఆ కోపం" అంటూనే ఉన్నాను.

నేను పద్నాలుగేళ్ళుగా ఒకటో తరగతికీ రెండో తరగతికీ పాఠాలు చెబుతున్నాను. ఇంట్లో ఇద్దరు మగపిల్లలు. బడికి వచ్చే పిల్లల్లో చాలామంది దగ్గర మనసు గురించి చెప్పడానికి మూడే మాటలుంటాయి: కోపం, బాధ, బోర్. తెలుగులో మాటలకేం కరువు లేదు. అవి పిల్లల దాకా చేరడం లేదు, అంతే. మూడేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఆ పని ఎలా చేయాలో, నేను చేసి చూసిన క్రమంలోనే చెబుతాను.

పేరు పెట్టినంత మాత్రాన ఏమవుతుందని అడగొచ్చు. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్మన్ బృందం ఒక ప్రయోగం చేసింది. కోపంతో, భయంతో ఉన్న ముఖాల ఫొటోలు చూపించి, ఆ ముఖంలో ఉన్నది ఏ భావమో మాటల్లోంచి ఎంచుకోమన్నారు. అలా భావానికి మాట ఎంచుకుంటున్నప్పుడు, ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని అప్రమత్తం చేసే అమిగ్డలా అనే మెదడు భాగం ఉధృతి తగ్గింది. పరీక్షించింది పెద్దవాళ్ళనే, పిల్లల్ని కాదు. అయినా ఒకటో తరగతి చెప్పే ఎవరికైనా ఇది కొత్త సంగతేమీ కాదు. "టీచర్, నాకు బెంగగా ఉంది" అనగలిగిన పిల్ల, అనలేని పిల్ల కంటే తొందరగా ఏడుపు ఆపుతుంది.

1. హోరులో పాఠం చెప్పకండి

పిల్లవాడు నేల మీద పడి కాళ్ళు కొట్టుకుంటున్నప్పుడు "నీకేమనిపిస్తోంది నాన్నా?" అని అడిగితే ఇంకా రెచ్చిపోతాడు. ఆలోచించి, ఆగి, తమాయించుకునే పని మెదడు ముందుభాగానిది. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్ళ దాకా పడుతుంది. నాలుగేళ్ళవాడిని "కంట్రోల్ చేసుకో" అనడం బ్రేకులు ఇంకా బిగించని బండిని ఆపమనడమే.

అప్పుడు చేయాల్సింది తక్కువ. మీరూ నేల మీద కూర్చోండి. గొంతు తగ్గించండి. "ఇక్కడే ఉన్నా" అని ఒక్కసారి అనండి, పదిసార్లు కాదు. ఎత్తుకోనిస్తే ఎత్తుకోండి. తోసేస్తే చేతికి అందేంత దూరంలో ఉండండి. పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో అన్న ఆలోచన వస్తుంది. వస్తే రానివ్వండి.

హోరు తగ్గిందని తెలిసే గుర్తులున్నాయి. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగుతుంది, ఊపిరి పొడుగవుతుంది, ఓరకంట మీ వైపు చూస్తాడు. మాట అప్పుడు మొదలుపెట్టాలి.

దానికంటే ముందు ఆకలి, నిద్ర, ఎండ చూసుకోండి. మార్చి, ఏప్రిల్ ఒంటిపూట బడుల రోజుల్లో మిట్టమధ్యాహ్నం ఎండన పడి వచ్చిన పిల్ల చిర్రుబుర్రులాడుతుంటే మనస్తత్వ శాస్త్రం వెతకనక్కర్లేదు. గ్లాసుడు మజ్జిగ ఇచ్చి ఫ్యాను కింద పడుకోబెట్టండి.

2. ఒంట్లోంచి మొదలుపెట్టండి

"ఎందుకు?" అన్న ప్రశ్న పిల్లలకి సంజాయిషీ అడిగినట్టు వినిపిస్తుంది. "ఎక్కడ?" అనండి. ఎక్కడ అనిపిస్తోంది, కడుపులోనా, గొంతులోనా, తలలోనా? నాలుగేళ్ళవాడైనా చేయి పెట్టి చూపించగలడు.

మన మాటల్లో ఒళ్ళూ మనసూ ఎప్పుడూ కలిసే ఉన్నాయి. ఒళ్ళు మండింది, గుండె గుభేలుమంది, గొంతు పూడుకుపోయింది, కడుపులో తిప్పింది, కాళ్ళు వణికాయి, చెవులు వేడెక్కాయి, ముఖం వెలవెలబోయింది. ఇవన్నీ మనం అలవాటుగా వాడేస్తాం. పిల్లలకి మాత్రం అక్షరాలా చెప్పండి. "అందరి ముందూ పద్యం చెప్పమన్నప్పుడు నా చేతులు చల్లబడిపోయేవి, నీకూ అంతేనా?" అని అడగండి.

మా బడి వరండాలో ఒక పని చేయిస్తాను, ఇంట్లో కూడా బాగుంటుంది. పిల్లని నేల మీద పడుకోబెట్టి చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. లేచాక ఆ బొమ్మలో కోపం ఎక్కడుంటుందో ఎర్ర సుద్దతో, భయం ఎక్కడుంటుందో నీలం సుద్దతో రంగు వేయమనండి. కోపం చాలామందికి పిడికిళ్ళలో ఉంటుంది. ఒక పాప మాత్రం గొంతు దగ్గర చిన్న చిన్న నీలి చుక్కలు పెట్టింది. ఏమిటమ్మా అంటే, "చదవమంటారు కదా, అప్పుడు" అంది. ఆ పిల్ల గట్టిగా ఎందుకు చదవదో అర్థం చేసుకోవడానికి నాకు ఆర్నెల్లూ, రెండు సుద్దముక్కలూ పట్టాయి.

సోమవారం పొద్దున వచ్చే కడుపునొప్పిని నాటకం అనకండి. దిగులుకి నిజంగానే కడుపు నొప్పెడుతుంది. అయితే జ్వరం, వాంతులు, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేంత నొప్పి ఉంటే మాటలు తర్వాత, ముందు డాక్టరు.

3. మాట అందించండి, ముద్ర వేయకండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, అసలు సంగతి ఇదే కాబట్టి.

తెలుగులో కోపం మనం కాదు, మనకి వచ్చేది. భయం వేస్తుంది. దిగులు పట్టుకుంటుంది. విసుగు పుడుతుంది. వచ్చింది పోతుంది కూడా. మన వ్యాకరణమే పిల్లవాణ్ణీ వాడి కోపాన్నీ విడదీసి చూపిస్తుంటే మనం రెంటినీ కలిపేసి "వీడు కోపిష్టి", "ఇది పిరికిది", "ఉత్త ఏడుపుగొట్టు మొహం" అంటాం. అలాంటి పేరొకటి అంటుకుంటే పిల్లలు దానికి తగ్గట్టే తయారవుతారు. కాబట్టి మొదటి నియమం: "నీకు కోపం వచ్చింది" అనండి, "నువ్వు కోపిష్టివి" అనకండి.

ఇక ఏ మాట అందించాలి? ఒకేలా కనిపించే వాటిని విడదీసి చూపించడంలోనే లాభమంతా ఉంది. మాట మారితే మందు మారుతుంది.

కోపానికి న్యాయం కావాలి. ఎవరో పెన్సిలు లాక్కున్నారు, అది తిరిగి రావాలి. ఉక్రోషానికి న్యాయం సరిపోదు, తన చేతిలో చేయదగ్గ పని ఒకటుండాలి. ఖోఖోలోకి తీసుకోనివాడికి నేను మర్నాడు వాళ్ళ టీచర్‌తో మాట్లాడి చేర్పిస్తే ఉక్రోషం రెట్టింపయ్యేది. సందులో ఇద్దరు చిన్నపిల్లల్ని పోగేసుకుని వాడే ఒక ఆట పెట్టాడు, దాంతో చల్లబడ్డాడు. అలకది ఇంకో కథ. కోపం గోడ మీదైనా రావచ్చు, అలక మాత్రం కావాల్సినవాళ్ళ మీదే. అలిగినవాడు తలుపు వేసుకున్నా గడియ పెట్టడు. బతిమాలేవాళ్ళ కోసం చూస్తాడు. ఒకసారి బతిమాలండి, రెండుసార్లు బతిమాలండి. మూడోసారి "నీకోసం అన్నం మూతపెట్టి ఉంచా" అని చెప్పి మీ పని చూసుకోండి.

భయం వేరు, బెరుకు వేరు. కుక్కంటే భయం. కొత్త ట్యూషన్ మాస్టారంటే బెరుకు. భయానికి తోడు కావాలి, బెరుకుకి వ్యవధి కావాలి. బంధువులింట్లో అడుగుపెట్టగానే "అత్తకి నమస్కారం పెట్టు, పాట పాడు" అని ముందుకి తోస్తే బెరుకు కాస్తా భయమవుతుంది. పావుగంట మీ కొంగు పట్టుకుని నిలబడనివ్వండి, తనే వెళ్తుంది.

బాధ, దిగులు, బెంగ. బాధకి కారణం ఎదురుగా ఉంటుంది: బొమ్మ విరిగింది, కుక్కపిల్ల చచ్చిపోయింది. దిగులు జరగబోయేదాని గురించి: రేపటి పరీక్ష, నాన్నకి బదిలీ. బెంగ మనిషి కోసం. జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఒకటో తరగతిలో నాకు కనిపించేది చాలామటుకు బెంగే. హాస్టల్లో వేసిన పిల్లలది బెంగ. నాన్న దుబాయిలోనో అమ్మ కువైట్‌లోనో ఉండి, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు జగిత్యాల వైపు, కోనసీమ వైపు, కడప వైపు ఎందరో ఉన్నారు. వాళ్ళదీ బెంగే. బెంగకి చాక్లెట్ మందు కాదు. ఆ మనిషి తాలూకు వస్తువేదైనా, అమ్మ చీరముక్కో, నాన్న పాత చేతిరుమాలో, ఇచ్చి చూడండి. వీడియో కాల్ ఫలానా రోజు ఫలానా వేళకి అని గోడమీది క్యాలెండర్‌లో గుర్తుపెట్టి, ఆ మాట నిలబెట్టుకోండి. "అమ్మ వచ్చేస్తుందిలే రేపో ఎల్లుండో" అని అబద్ధం మాత్రం ఆడకండి. పిల్లలు రోజులు లెక్కపెడతారు.

అసూయని తెలుగిళ్ళలో ఎవరూ ఒప్పుకోరు. చెల్లి పుట్టాక మూడేళ్ళవాడు మళ్ళీ పక్క తడపడం, పాలసీసా అడగడం చూస్తాం. "నీకు చెల్లంటే ఎంతో ఇష్టం కదూ" అని వాడి నోట్లో మన మాట కుక్కుతాం. ఇలా అని చూడండి: "అందరూ చెల్లినే ఎత్తుకుంటున్నారు. నీకు కాస్త కుళ్ళుగా ఉందేమో. మీ మావయ్య పుట్టినప్పుడు నాకూ అలాగే ఉండేది." తమ్ముడు పుట్టినప్పుడు నేను ఇలాగే అంటే మా పెద్దోడు, మావయ్య అంటే తెలిసిన మనిషే కదా, "మావయ్యని గిల్లావా?" అని అడిగాడు. గిల్లానన్నాను. వాడు తేలికపడ్డాడు.

మంచి భావాలకీ పేర్లు కావాలి. అన్నిటికీ "హ్యాపీ" ఒక్కటే చాలదు. పండక్కి ఊరెళ్తుంటే సంబరం. కొత్త బట్టలు ఇప్పుడే వేసుకోవాలని ఉబలాటం. పోయిందనుకున్న రబ్బరు దొరికితే ఊరట, పిల్లల భాషలో "అమ్మయ్య". మొదటిసారి సైకిలు తొక్కితే గర్వం. గర్వం తప్పని పెద్దవాళ్ళు నేర్పారు మనకి. చిన్నపిల్లకి తన పని చూసుకుని మురిసిపోయే హక్కు ఉండాలని నా అభిప్రాయం.

మాట అందించే తీరు కూడా ముఖ్యం. తీర్పులా కాదు, ఊహలా. "నాకేమో ఇది అలకలా కనిపిస్తోంది. అవునా, ఇంకేమన్నానా?" వాడు "కాదు!" అన్నాడంటే మీరు ఓడిపోలేదు. తన లోపలికి చూసుకుని, మీ మాటతో పోల్చుకుని, కాదన్నాడు. మనకి కావాల్సింది ఆ చూసుకోవడమే. వాదించకండి. చిన్నపిల్లలకైతే రెండు మాటలిచ్చి ఎంచుకోమనండి, "కోపమా, విసుగా?" అని.

పుస్తకాల మాటల కోసం పాకులాడకండి. తెలంగాణ ఇళ్ళలో బుగులు (భయం), రంధి (దిగులు), యాష్ట (విసుగు) అని ఎంత చక్కటి మాటలున్నాయి. "బుగులైతుందా బిడ్డా?" అంటే పిల్లకి ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. అమెరికాలో పెరిగే పిల్ల "ఫ్రస్ట్రేటెడ్" అంటే దాన్నే పట్టుకుని మాట్లాడండి. పక్కనే ఉక్రోషమో చిరాకో వేసి చూపించండి. ఏది సరిపోయిందో పిల్లే చెబుతుంది. భాష నేర్పే సమయం కాదది, ఏడుస్తున్న పిల్ల ముందు తెలుగు తరగతి పెట్టకండి.

4. ఎంతో అడగండి

పేరు కుదిరాక కొలత. చాలామంది ఒకటి నుంచి పది అంకెలు చెప్పమంటారు. మా క్లాసులో మేం వంటింటి కొలతలు వాడతాం. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం. ఇప్పటి పిల్లలు వాటిని చూసి ఉండరు, అందుకే వాళ్ళకి మహా సరదా. మా అమ్మ దగ్గరున్న పాత కొలపాత్రలు కొన్ని తెచ్చి బల్ల మీద పెట్టాను. "భయం ఎంత?" "మానికెడు." కాసేపటికి, "ఇప్పుడో?" "సోలెడు." కొలత తగ్గడం పిల్ల కళ్ళారా చూస్తుంది. మీ ఇంట్లో అవి లేకపోతే చెంచా, గ్లాసు, చెంబు, బకెట్టు.

కొలతతో ఇంకో సౌకర్యం ఉంది. ఒకేసారి రెండు భావాలుంటాయన్నది చిన్నపిల్లలకి అంతుపట్టదు. ఏడెనిమిదేళ్ళు వస్తేగానీ తేలిగ్గా ఒప్పుకోరు. సంక్రాంతి అయ్యాక పిల్లలంతా ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు ఇంటికెళ్తున్నందుకు హుషారు, అన్నయ్యల్ని వదిలి వెళ్తున్నందుకు బెంగ. ఏది నిజం? రెండూనూ. "హుషారు గిద్దెడు, బెంగ తవ్వెడు" అని చెప్పగలిగితే పిల్లలకి ఆ చిక్కు విడిపోతుంది.

5. కోపం రావచ్చు, కొట్టకూడదు

భావానికి హద్దు లేదు, చేతకి ఉంది. ఈ రెండూ ఒకే వాక్యంలో చెప్పండి: "తమ్ముడు నీ బొమ్మ చింపాడు, కోపం వచ్చింది, వస్తుంది. కొట్టనివ్వను." చెబుతూనే చేయి పట్టుకుని ఆపండి. మొదటి సగం లేకుండా రెండో సగం చెబితే తిట్టు అవుతుంది. మొదటి సగమే చెప్పి వదిలేస్తే తమ్ముడు దెబ్బలు తింటాడు.

కోపమొస్తే దిండుని గుద్దమని సలహా చాలాచోట్ల వింటాం. వద్దు. కోపం తెప్పించినవాళ్ళని తలుచుకుంటూ గుద్దితే అది చల్లారకపోగా పెరుగుతుందని 2002లో బ్రాడ్ బుష్మన్ చేసిన ప్రయోగంలో తేలింది. నిదానంగా చేసే పనులు మంచివి. వేడి పాలు ఊదినట్టు పొడుగ్గా ఊదడం, మొక్కలకి చెంబుతో నీళ్ళు పోయడం, చపాతీ పిండి పిసకడం, ముఖం కడుక్కుని మెడ తడుపుకోవడం. ఇవి కోపంగా ఉన్నప్పుడు నేర్పేవి కావు. మామూలుగా ఉన్నప్పుడు పదిసార్లు ఆడించి ఉంచితే, అవసరమైనప్పుడు గుర్తొస్తాయి.

ఇంట్లో ఒక మూల పెట్టుకోండి. మన పెళ్ళిళ్ళలో కొత్త అల్లుడికి అలకపాన్పు వేస్తాం కదా, అలగడానికి మంచం వేసి మరీ మర్యాద చేసే జాతి మనది. పిల్లలకెందుకు ఉండకూడదు? మా ఇంట్లో బీరువా పక్కన ఒక పాత బొంత, రెండు దిళ్ళు, ఒక రంగుల డబ్బా ఉంటాయి. దాని పేరు అలకపాన్పే. ఎవరైనా వెళ్ళొచ్చు, నేను కూడా. "వెళ్ళి కూర్చో పో!" అని పంపిన రోజు అది జైలైపోతుంది, కాబట్టి ఎవరినీ పంపకూడదు. పిల్లలు ఎంత సేపు ఉంటే అంత సేపు. లేచి వచ్చాక ఏం జరిగిందో ఒకటి రెండు మాటల్లో చెప్పుకోవాలి.

"సారీ చెప్పు" అని మెడ పట్టుకుని చెప్పిస్తే నోరు మాత్రమే పలుకుతుంది. తమ్ముడి ముఖం చూపించి, "వాడికి ఇప్పుడేం చేస్తే బాగుంటుంది?" అని అడగండి. చింపిన బొమ్మ అతికించొచ్చు, దెబ్బ తగిలిన చోట నీళ్ళు రాయొచ్చు. నాలుగేళ్ళ లోపు పిల్లలతో "నీకలా చేస్తే ఎలా ఉంటుంది?" అన్న వాదన దండగ. తనకి తెలిసింది అందరికీ తెలియదనీ, ఎదుటివాళ్ళ బుర్రలో వేరే సంగతి ఉండొచ్చనీ బోధపడేది సుమారు నాలుగేళ్ళకి. అప్పటిదాకా ముఖం చూపించడమే పాఠం.

6. మన నోటి మాటలు

ఇది పిల్లల కోసం కాదు, మనకి. "మగపిల్లాడివై ఉండి ఏడుస్తావా?" "ఇంతదానికేనా?" "పోలీసుకి పట్టిస్తా." "చూడు, పక్కింటి పాప ఎంత బుద్ధిగా ఉందో." "నిన్ను తవుడు పోసి కొన్నాం." ఈ చివరిది అందరూ నవ్వుతూ అంటారు. అయిదేళ్ళ పిల్ల నవ్వదు, రాత్రంతా ఆలోచిస్తుంది.

మగపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఏడుపు వద్దు, భయం వద్దు, సిగ్గు వద్దు అని ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే వాళ్ళకి మిగిలేది కోపం ఒక్కటే. బెంగా ఆ దారినే వస్తుంది, అవమానమూ ఆ దారినే వస్తుంది. ఆడపిల్లలకి సరిగ్గా తిరగేసి, కోపం ఒక్కటి తీసేస్తాం. రెండో తరగతిలోనే తేడా తెలిసిపోతుంది.

ఇంట్లో అత్తగారో తాతగారో "ఏడవకు, అదిగో బూచాడు" అంటే పిల్ల ముందు సరిదిద్దకండి. తర్వాత ఏకాంతంగా, "అత్తయ్యా, వీడు నిజమే అనుకుంటున్నాడు, రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళడం లేదు" అని జరిగింది జరిగినట్టు చెబితే చాలామంది మానేస్తారు. వాళ్ళకి ఇంకో పని అప్పగించండి. చిన్నప్పుడు తాతకి దేనికి భయమేసేదో తాత నోట వింటే మనం వారం రోజులు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

మీ సంగతి కూడా పైకి అనండి. "పని ఎక్కువైంది, చిరాకుగా ఉంది. నీ మీద కాదు. పది నిమిషాలు ఊరికే కూర్చుంటా." అరిచేస్తే, చల్లబడ్డాక, "ఇందాక అరిచాను, తప్పు నాదే" అనండి. "నువ్వు అలా చేశావు కాబట్టి" అని తోక తగిలించకండి. పెద్దల అప్పుల గొడవలు, దాంపత్యం తగాదాలు పిల్లల ముందు విప్పమని కాదు. "నాన్నకి దిగులుగా ఉంది, పెద్దవాళ్ళం చూసుకుంటున్నాం" అంటే సరిపోతుంది.

7. ఆటలోనూ పడకలోనూ

నవరసాల్లో శృంగారాన్ని పెద్దవాళ్ళకి వదిలేసి మిగతా ఎనిమిదీ చీటీల మీద రాయండి. చీటీ తీసినవాళ్ళు ముఖంతో చూపించాలి, మిగతావాళ్ళు చెప్పాలి. బీభత్సానికి కాకరకాయ పులుసు తిన్న ముఖం, అద్భుతానికి రైలు చూసిన ముఖం. కరెంటు పోయిన సాయంత్రాలకి ఇంతకంటే మంచి ఆట లేదు. కథ చెప్పేటప్పుడు సింహం బావిలోకి తొంగిచూసిన చోట ఆగి, దానికేమనిపించి ఉంటుందో అడగండి, ఒక్కసారే. ప్రతి వాక్యానికీ ఆపితే పిల్లలు లేచిపోతారు, న్యాయంగానే.

రాత్రి పడుకున్నాక రెండు ప్రశ్నలు. ఇవాళ ముఖం ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు మాడింది? ముందు మీది చెప్పండి. పిల్లలు చెప్పకపోతే సరే అనండి.

అలా చెప్పినదాన్ని బయట పెట్టకండి. నేనోసారి ఆ పొరపాటు చేశాను. మా పెద్దోడు క్లాసులో ఒక అమ్మాయి నవ్విందని సిగ్గుపడ్డాడని ఫోన్లో మా చెల్లితో నవ్వుతూ చెప్పాను. వాడు తలుపు అవతల ఉన్నాడు. రెండు నెలలు నాతో "బాగానే ఉంది" తప్ప ఇంకో మాట లేదు. చెప్పిన రహస్యాన్ని తర్వాత తగాదాలో ఆయుధంగా తీయడం కూడా అంతే. "అప్పుడు భయమన్నావుగా, పిరికోడా" అని ఒక్కసారి అంటే ఇంకెన్నేళ్ళకీ మీతో చెప్పుకోరు.

8. ఇంటి మందు చాలనప్పుడు

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, ఇష్టమైన ఆట కూడా వద్దంటుంటే, మానేసిన పక్క తడపడం కారణం లేకుండా మళ్ళీ మొదలైతే, బడికి వెళ్ళనని రోజూ వణికిపోతుంటే, ఫలానా మనిషి దగ్గరికి వెళ్ళనంటే, పిల్లల డాక్టరుకి చెప్పండి. చివరిదాన్ని మొండితనం అనుకుని బలవంతంగా పంపకండి. ముందు పూర్తిగా వినండి. "చచ్చిపోతే బాగుణ్ణు" లాంటి మాట ఏ వయసు పిల్లలు అన్నా బెదిరింపు అనుకోవద్దు, రెండు వారాలూ ఆగొద్దు, ఆ రోజే కదలండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానముంటే 1098. ఫోన్ చేసేటప్పుడు ఎప్పటినుంచి, నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, బడిలో ఏం మారింది అన్నవి కాగితం మీద రాసి పెట్టుకుంటే కంగారులో మర్చిపోరు.

9. ఎదురుగా కూర్చోబెట్టకండి

"రా, కూర్చో, మాట్లాడుకుందాం" అన్న రోజున ఏ పిల్లా మాట్లాడదు. చేతులకి పని ఉండాలి, కళ్ళు కలవకూడదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, బట్టలు మడతపెడుతూ, మేడ మీద వడియాలకి కాపలా కాస్తూ చెప్పుకునే మాటలే అసలు మాటలు. తొమ్మిది, పదేళ్ళు దాటినవాళ్ళకి ఇది మరీ అవసరం. మా పెద్దోడికి పదకొండేళ్ళు. ఇంట్లో నోరు విప్పడు. బండి వెనక కూర్చుంటే, నా వీపుకి చెబుతాడు. హెల్మెట్‌లో సగం వినపడదు, "ఊఁ" అంటూ ఉంటాను. మొన్న ట్యూషన్ నుంచి తీసుకొస్తుంటే, ఇంటి మలుపు దగ్గర సరిగ్గా, "అమ్మా, ఒకటి చెబితే ఎవరికీ చెప్పవుగా?" అన్నాడు. మలుపు తిప్పకుండా నేరుగా పోనిచ్చాను. పెట్రోలు బంకు దాకా వెళ్ళి, చెరువు గట్టు మీదుగా చుట్టు తిరిగి వచ్చాం. కూర అప్పటికి మాడిపోయింది.